గెట్‌కి ఒక్క తెలుగు మాట వెతక్కండి, దాని పక్కన ఏముందో చూడండి

ప్రశ్న: నేను ఉద్యోగంలో చేరి ఎనిమిది నెలలైంది. చదువంతా తెలుగు మీడియమే. గ్రామర్ పర్లేదు, మెయిల్స్ కూడా రాయగలను, కానీ గెట్ అనే ఒక్క మాట దగ్గర ఇరుక్కుపోతున్నా. స్కూల్లో గెట్ అంటే పొందుట అని చెప్పారు. మొన్న మీటింగ్‌లో మేనేజర్ గారు ఏదో వివరించి చివర్లో నన్ను చూసి ‘డిడ్ యు గెట్ ఇట్?’ అన్నారు. నాకేదో మెయిల్ పంపారేమో అనుకుని ‘నాట్ యెట్, ఐ విల్ చెక్’ అన్నా. ఆవిడ పాపం మొదట్నించీ మళ్ళీ చెప్పారు. ఇంకోసారి కొలీగ్ ‘ఐ గాట్ టు మీట్ ద క్లయింట్ టుమారో’ అంటే మంచి ఛాన్స్ వచ్చిందనుకుని కంగ్రాట్స్ చెప్పా, తను అయోమయంగా చూసింది. డిక్షనరీలో ఉన్న అర్థాలన్నీ బట్టీ పట్టా, మాట్లాడేటప్పుడు ఒక్కటీ గుర్తుకు రాదు. గాటెన్ అనడం తప్పా? రాసేటప్పుడు గెట్ వాడకూడదంటారు, నిజమేనా? నేను రాసిన మెయిల్‌లోవి మూడు లైన్లు పెడుతున్నా, దిద్దగలరా? ‘ఐ గాట్ రిపేర్డ్ మై లాప్‌టాప్ యెస్టర్‌డే. ఐ గాట్ టు నో దట్ ద మీటింగ్ ఈజ్ క్యాన్సిల్డ్. ఐ విల్ రీచ్ టు ద ఆఫీస్ బై టెన్.’

సమాధానం:

మీ ఉత్తరం రెండు సార్లు చదివానండీ. ముందు ఒక మాట, మీరు పడుతున్న ఇబ్బంది మీ తెలివికి సంబంధించింది కాదు, మీకు చెప్పిన పద్ధతికి సంబంధించింది. గెట్ అంటే పొందుట అని ఒక్క ముక్కలో చెప్పేసి వదిలేస్తే ఎవరైనా మీలాగే ఆగిపోతారు, ఎందుకంటే అసలు మనం మామూలుగా మాట్లాడేటప్పుడు పొందుట అనే మాటే వాడం కదా, ‘నేను జలుబు పొందాను’ అని ఎవరంటారు చెప్పండి.

ఇలాంటి చిన్న మాటలే ఇంగ్లీషులో అన్నిటికంటే బరువైనవి. ఆక్స్‌ఫర్డ్ వాళ్ళ పెద్ద డిక్షనరీ 1989 ఎడిషన్‌లో అన్నిటికంటే పొడవైన ఎంట్రీ సెట్ అనే మాటది, దాని వివరణే దాదాపు 60,000 పదాలు. తర్వాత కొత్త ఎడిషన్ పని జరుగుతుంటే రన్ అనే వెర్బ్ దాన్ని దాటేసి 645 అర్థాల దాకా వెళ్ళిందని ఎడిటర్లు చెప్పారు. గెట్ కూడా ఆ కుటుంబంలోదే. కాబట్టి బట్టీ పట్టడం మానేయండి, అది ఎవరివల్లా అయ్యే పని కాదు, ఇంగ్లీషు పుట్టుకతో మాట్లాడేవాళ్ళు కూడా అలా నేర్చుకోలేదు.

మనకి కూడా ఇలాంటి మాటలున్నాయి, మనం రోజూ వాడుతూ గమనించం అంతే. పట్టు అనే మాట తీసుకోండి. పెన్ను పట్టుకున్నా, బస్సు పట్టుకున్నా, నిద్ర పట్టింది, చెమట పట్టింది, ఇనుముకి తుప్పు పట్టింది, ఇంకో గంట పడుతుంది అనే చోట ‘పట్టుద్ది’ అంటారు కొందరు, దొంగ పట్టుబడ్డాడు, పాపకి ఈత పట్టుబడింది, ఎంత ఆలోచించినా అంతు పట్టలేదు. ఇప్పుడు తెలుగు నేర్చుకుంటున్న ఒక మనిషి వచ్చి పట్టుకి ఒక్క ఇంగ్లీషు మాట చెప్పండి అని అడిగితే మీరేం చెప్తారు? చెప్పలేరు. పక్కన ఏం మాట ఉందో చూసుకోవాలి బాబూ అంటారు. నిద్ర పక్కన ఉంటే ఒకటి, తుప్పు పక్కన ఉంటే ఇంకోటి. గెట్‌కి కూడా సరిగ్గా ఇదే జవాబు.

ఊరికే పోలిక కోసం పట్టుని తేలేదు, ఇంకో కారణం కూడా ఉంది. గెట్ అసలు ఇంగ్లీషు గడ్డమీద పుట్టిన మాట కాదు. 9వ శతాబ్దం నించి ఇంగ్లండ్‌లో స్థిరపడిన వైకింగుల భాష నించి వచ్చింది, వాళ్ళు గెటా అనేవాళ్ళు. టేక్, దే లాంటి మాటలు కూడా అలా వచ్చినవే. ఇంకా వెనక్కి వెళ్తే దాని మూలానికి అర్థం చేత్తో పట్టుకోవడం. కాంప్రహెండ్ అనే మాట లాటిన్ దారిలో వచ్చింది కానీ దాని లోపల ఉన్న మూలం కూడా అదే. పట్టుకోవడం నించి అర్థం చేసుకోవడం ఎలా వచ్చింది అనుకుంటున్నారా? మన గ్రహించు చూడండి, గ్రహించడం అంటే సంస్కృతంలో పట్టుకోవడమే, మనం మాత్రం ‘విషయం గ్రహించాను’ అంటాం. అంటే మీ మేనేజర్ గారు అడిగిన ‘డిడ్ యు గెట్ ఇట్?’ అంటే ‘పట్టు దొరికిందా, అర్థమైందా’ అని. ‘ఐ డోంట్ గెట్ ఇట్’ అంటే అచ్చంగా మన ‘అంతు పట్టట్లేదు’. ఇంకా బాగుండేదేంటంటే ఫర్గెట్ లోపల కూడా ఈ గెట్ మూలమే ఉంది, పట్టులో ఉన్నది జారిపోవడం అన్నమాట.

సరే, ఇప్పుడు పక్కన ఏముందో చూద్దాం.

గెట్ పక్కన ఒక వస్తువో విషయమో ఉంటే, అంటే లెటర్, జాబ్, కోల్డ్, కాల్ ఇలాంటివి, అప్పుడు మన రావడం, దొరకడం, తెచ్చుకోవడం. ‘ఐ గాట్ ఎ లెటర్’ లెటర్ వచ్చింది. ‘ఐ గాట్ ఎ కోల్డ్’ జలుబు చేసింది. ఇక్కడ మన వాక్యం తలకిందులుగా ఉంటుంది గమనించారా? మనం ‘నాకు లెటర్ వచ్చింది’ అంటాం, వచ్చేది లెటర్, నేను పక్కన నించుని ఉన్నా. ఇంగ్లీషులో ‘నేను’ ముందుకొచ్చి కూర్చుంటుంది. మనవాళ్ళు ‘ఎ లెటర్ కేమ్ టు మీ’ అంటూ కష్టపడే చోట చాలాసార్లు ‘ఐ గాట్’ అంటే అయిపోతుంది. ఇలా నాకు అని మొదలయ్యే తెలుగు వాక్యం నోట్లో ఉందంటే ఒక్క క్షణం ఆగి గెట్ పనికొస్తుందేమో చూసుకోండి. నాకు కోపం వచ్చింది, ‘ఐ గాట్ యాంగ్రీ’. నాకు అవకాశం దొరికింది, ‘ఐ గాట్ ఎ ఛాన్స్’. తీసుకురావడం అనే అర్థం కూడా ఇక్కడే ఉంది, కాకపోతే ‘గెట్ మీ సమ్ వాటర్’ అంటే తెలుగులో ‘నీళ్ళు తే’ అన్నట్టు ఉంటుంది, పెద్దవాళ్ళతోనో ఆఫీసులోనో అయితే ‘కుడ్ యు గెట్ మీ’ అనండి. ఫోన్ మోగినప్పుడో కాలింగ్ బెల్ కొట్టినప్పుడో ఎవరైనా ‘ఐ విల్ గెట్ ఇట్’ అంటే నేను ఎత్తుతా, నేను తలుపు తీస్తా అని.

పక్కన ఒక స్థితి చెప్పే మాట ఉంటే, టైర్డ్, వెట్, లేట్, డార్క్ లాంటివి, అప్పుడు ఆ స్థితిలోకి మారడం. ఇక్కడ మీకొక కిటుకు చెప్తా, ఇది ఏ గ్రామర్ పుస్తకంలోనూ చూసి చెప్పట్లేదు, నాకు నేను ఎన్నాళ్ళుగానో వాడుకుంటూ వచ్చింది. మన తెలుగులో మాట చివర పోయాను, పోయింది అని తగిలిస్తాం కదా, అది ఉన్న చోట చాలా వరకు ఇంగ్లీషులో గెట్ సరిపోతుంది. తడిసిపోయాను, ‘ఐ గాట్ వెట్’. అలసిపోయాను, ‘ఐ గాట్ టైర్డ్’. ఇరుక్కుపోయాను, ‘ఐ గాట్ స్టక్’. దొరికిపోయాడు, ‘హి గాట్ కాట్’. దారి తప్పిపోయాం, ‘వి గాట్ లాస్ట్’. ఆలస్యమైపోతోంది, ‘ఇట్స్ గెటింగ్ లేట్’. అన్నిటికీ కుదరదు లెండి, వెళ్ళిపోయాడు అంటే లెఫ్ట్, చనిపోయాడు అంటే డైడ్, వాటికి వేరే వెర్బులు ఉన్నాయి. మర్చిపోయాను అంటే ఫర్గాట్, అందులో మాత్రం గాట్ దాక్కునే ఉంది చూడండి. మీరు ఉత్తరంలో ‘ఇరుక్కుపోతున్నా’ అని రాశారే, అదే ‘ఐ కీప్ గెటింగ్ స్టక్’.

ఇందులోనే వాజ్‌కీ గాట్‌కీ తేడా కూడా తెలిసిపోతుంది. ‘ద విండో వాజ్ బ్రోకెన్’ అంటే అద్దం పగిలి ఉంది అని అర్థం రావచ్చు, పగలగొట్టారు అని కూడా రావచ్చు. ‘ద విండో గాట్ బ్రోకెన్’ అంటే మాత్రం పగిలిపోయింది, ఆ సంఘటన జరిగింది అని. ‘షి ఈజ్ మ్యారీడ్’ అంటే ఆవిడకి పెళ్ళైంది, పెళ్ళైన మనిషి. ‘షి గాట్ మ్యారీడ్ ఇన్ 2019’ అంటే ఆ ఏడాది పెళ్ళి జరిగింది. ఉన్న పరిస్థితి చెప్తున్నామా, జరిగిన మార్పు చెప్తున్నామా, అంతే.

పక్కన ప్లేస్ ఉంటే చేరుకోవడం. ‘గెట్ టు ద స్టేషన్’, ‘గెట్ టు ద ఆఫీస్’. హోమ్, హియర్, దేర్ అనే మూడింటికీ టు అక్కర్లేదు, ‘గెట్ హోమ్’ అంతే. ఇక్కడ మనవాళ్ళు చేసే పొరపాటు సరిగ్గా రివర్స్‌లో ఉంటుంది, గెట్‌కి టు కావాలి, రీచ్‌కి అక్కర్లేదు, కానీ మనం ఆఫీసుకి అనే కి ని మోసుకెళ్ళి రీచ్ పక్కన పెట్టి ‘రీచ్ టు’ అంటాం. మీ మూడో లైనులో జరిగింది ఇదే.

ఇప్పుడు మీ కొలీగ్ సంగతి. ఇది నిజంగానే కష్టమైంది, మీరు పొరపడ్డందుకు బాధపడక్కర్లేదు. గెట్ టు పక్కన ఒక వెర్బ్ వస్తే అవకాశం దొరకడం, ‘ఐ గాట్ టు మీట్ ద క్లయింట్ లాస్ట్ వీక్’ అంటే పోయిన వారం కలిసే వీలు దొరికింది. కానీ ‘ఐ హ్యావ్ గాట్ టు మీట్’ అంటే తప్పనిసరిగా కలవాలి. వచ్చిన చిక్కల్లా ఏంటంటే గబగబా మాట్లాడేటప్పుడు ఆ హ్యావ్ మొదట ‘ఐవ్’ అయిపోయి, తర్వాత అదీ మింగేసి ‘ఐ గాట్ టు’, ఇంకా కుదించి ‘ఐ గాట్టా’ అంటారు. అప్పుడు రెండూ చెవికి ఒకటే. మరెలా తెలుసుకోవాలి? టైమ్ మాట పట్టుకోండి. టుమారో, నౌ, బై ఫ్రైడే లాంటివి ఉంటే అది తప్పనిసరి పని, ఎందుకంటే రేపు జరగబోయేదానికి ‘అవకాశం దొరికింది’ అని చెప్పాలంటే వాళ్ళు ‘ఐ గెట్ టు మీట్’ అంటారు, గాట్ అనరు. యెస్టర్‌డే, లాస్ట్ వీక్ ఉంటే దొరికిన అవకాశం. గొంతు కూడా చెప్తుంది, సంతోషంగా అన్నారా, భారంగా అన్నారా అని. మీ కొలీగ్ టుమారో అంది, అంటే తను వెళ్ళాల్సి ఉంది పాపం.

దీని పక్కనే ‘గెట్ టు నో’ ఉంది. మనం ‘నాకు తెలిసింది’ అనడానికి ప్రతిసారీ ‘ఐ గాట్ టు నో’ అనేస్తాం. మన దగ్గర అందరికీ అర్థమవుతుంది, కానీ బయటివాళ్ళు ‘గెట్ టు నో’ని ఎక్కువగా ఒక మనిషితో మెల్లమెల్లగా పరిచయం పెరగడానికి వాడతారు, ‘ఐ గాట్ టు నో హర్ అట్ వర్క్’ అలా. ఒక కబురు తెలిస్తే ‘ఐ హర్డ్’ అనండి, మీరే కనుక్కుంటే ‘ఐ ఫౌండ్ అవుట్’ అనండి, వినడానికి హాయిగా ఉంటుంది.

హ్యావ్ గాట్ పక్కన వెర్బ్ కాకుండా వస్తువు ఉంటే ఉట్టి ‘ఉంది’ అంతే. ‘ఐవ్ గాట్ టైమ్’ నాకు టైమ్ ఉంది. అక్కడ పొందడం గిండడం ఏమీ వెతక్కండి.

ఇక నాకు అన్నిటికంటే ఇష్టమైన వాడకం, చేయించడం. తెలుగు మనకి ఇక్కడ పెద్ద బలం, మనం వాడుకోం. మనకి చేయడం వేరు, చేయించడం వేరు, రాయడం వేరు, రాయించడం వేరు, మాట మధ్యలో ఒక్క ‘ఇంచు’ తగిలిస్తే పని ఇంకొకరి చేతికి వెళ్ళిపోతుంది. ఇంగ్లీషులో ఆ ఇంచు పని గెట్ చేస్తుంది. ‘ఐ రిపేర్డ్ మై ఫోన్’ అంటే స్క్రూడ్రైవర్ పట్టుకుని మీరే బాగు చేశారని. బాగు చేయించాను అనాలంటే ‘ఐ గాట్ మై ఫోన్ రిపేర్డ్’. ఆ వరసని ఒకసారి దగ్గరగా చూడండి. ముందు గాట్, మధ్యలో ఫోన్, చివర రిపేర్డ్. మనం ‘ఫోన్ రిపేర్ చేయించాను’ అన్నప్పుడు కూడా ఫోన్ ముందు, రిపేర్ తర్వాత. అంటే ఆ రెండూ మన వరసలోనే ఉన్నాయి, గాట్ ఒక్కటి ముందుకి లాగితే చాలు. కానీ చాలామంది గాట్ రిపేర్డ్ అని రెండు వెర్బులూ కలిపి అతికించేసి ఫోన్‌ని చివరికి తోసేస్తారు, ‘ఐ గాట్ రిపేర్డ్ మై ఫోన్’, మీ మొదటి లైన్ లాగా. అది ఇంగ్లీషులో నిలబడదు. ఫోన్‌ని తీసి మళ్ళీ మధ్యలో పెట్టండి. జుట్టు కత్తిరించుకున్నా అని మనం అన్నా చేసేది వేరేవాళ్ళే కాబట్టి అక్కడ కూడా ‘ఐ గాట్ మై హెయిర్ కట్’.

ఎవరితో చేయించారో చెప్పాలనుకుంటే ఆ మనిషిని మధ్యలో పెట్టి టు పెట్టండి, ‘ఐ గాట్ హిమ్ టు సైన్’. ఇందులో కాస్త నచ్చజెప్పి, బతిమాలి ఒప్పించిన వాసన ఉంటుంది. ‘ఐ మేడ్ హిమ్ సైన్’ అంటే బలవంతం, మెడ మీద కూర్చుని చేయించినట్టు. ‘ఐ హ్యాడ్ హిమ్ సైన్’ అంటే మామూలుగా చెప్పి చేయించడం. మేడ్, హ్యాడ్ పక్కన టు రాదు, గాట్ పక్కన రావాలి, ఇది మాత్రం గుర్తుపెట్టుకోండి, వేరే దారి లేదు.

గెట్ పక్కన చిన్న ముక్కలు తగిలినప్పుడు, అప్, ఓవర్, బై, త్రూ లాంటివి, అవన్నీ ఒక్కోటి ఒక్కో నుడికారం. వాటిని డిక్షనరీ తెలుగుతో కాకుండా మనం మాట్లాడే తెలుగుతో జత కలపండి. ‘గెట్ ఓవర్’ అంటే తేరుకోవడం, ‘గెట్ బై’ అంటే ఎలాగో నెట్టుకురావడం, ‘గెట్ త్రూ’ గట్టెక్కడం, ‘గెట్ అలాంగ్’ పొసగడం, ‘గెట్ అవే విత్’ అంటే తప్పు చేసి కూడా ఏమీ కాకుండా బయటపడిపోవడం. బండ్ల దగ్గర మాత్రం ఒక్క నిమిషం ఆగాలి. మనకి అన్నిటికీ ఎక్కడం, దిగడమే. ఇంగ్లీషులో బస్సు, రైలు, విమానం లాంటి లోపల నడవగలిగేవాటికీ, బైకు లాంటి పైన కూర్చునేవాటికీ ‘గెట్ ఆన్’, ‘గెట్ ఆఫ్’. కారుకి ‘గెట్ ఇన్’, ‘గెట్ అవుట్’. బస్సు దిగడాన్ని ‘గెట్ డౌన్’ అనడం మన దేశపు ఇంగ్లీషులో బాగా ఉంది, ఇక్కడ మాట్లాడుకుంటే పర్లేదు, వేరే దేశం వాళ్ళతో మాట్లాడేటప్పుడు ‘గెట్ ఆఫ్’ అనండి.

గాటెన్ తప్పు కాదండీ. గెట్, గాట్ తర్వాత చెప్పే మూడో రూపం అది, నిజానికి అదే పాతది, బ్రిటన్‌లో మెల్లగా వాడకం తగ్గి గాట్ మిగిలింది, అమెరికాలో బతికే ఉంది. బ్రిటన్ వాళ్ళకి కూడా ఫర్గాటెన్‌లో, ఇల్-గాటెన్‌లో అది ఇంకా ఉంది. అమెరికా వాళ్ళు దీంతో ఒక చక్కటి తేడా చూపిస్తారు, ‘ఐవ్ గాట్ ఎ కార్’ అంటే నాకు కారు ఉంది, ‘ఐవ్ గాటెన్ ఎ కార్’ అంటే కారు కొనుక్కున్నా, సంపాదించా. మనం స్కూల్లో చదివింది బ్రిటిష్ పద్ధతి కాబట్టి గాట్‌తోనే ఉండండి, క్లయింట్ గాటెన్ అంటే మాత్రం తప్పు అనుకోకండి.

రాతలో వాడకూడదనే మాట సగం నిజం. అఫీషియల్ లెటర్‌లో, రిపోర్ట్‌లో ‘వి గాట్ యువర్ లెటర్’ కంటే ‘వి రిసీవ్డ్’ బాగుంటుంది, గాట్ వర్స్ కంటే బికేమ్ వర్స్ బాగుంటుంది. కానీ టీమ్‌లో ఒకరికి రాసే మామూలు మెయిల్‌లో గెట్ తీసేసి అన్ని చోట్లా రిసీవ్, అబ్టెయిన్, అరైవ్ అని నింపితే అది మనిషి రాసినట్టు ఉండదు, మనం ఇంట్లో ‘భోజనము చేసితిని’ అన్నట్టు ఉంటుంది. నన్నడిగితే చాలామంది మనవాళ్ళ ఇంగ్లీషు బిగుసుకుపోయి ఉండటానికి ఒక కారణం ఈ గెట్‌ని భయపడి దూరం పెట్టడమే, స్కూళ్ళలో దీన్ని ముందుగా, ఎక్కువగా నేర్పాల్సింది పోయి ఒక్క లైనులో వదిలేస్తారు, అది నాకు ఎప్పుడూ బాధే.

మీరు చేయాల్సిన పని చెప్తా. ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకోండి, మీటింగ్‌లోనో మెయిల్‌లోనో గెట్ కనబడ్డ ప్రతిసారీ ఆ వాక్యం మొత్తం రాయండి, ఒక్క మాట కాదు, మొత్తం వాక్యం. కింద మీరు ఇంట్లో అమ్మతో అయితే అదే సంగతి ఎలా చెప్తారో ఆ తెలుగు రాయండి. పుస్తకం తెలుగు వద్దు, పొందితిని గిందితిని వద్దు. రోజుకి రెండు మూడు చాలు. కొన్ని వారాలకి మీకే కనబడుతుంది, అవే నాలుగైదు రకాల వాక్యాలు మళ్ళీ మళ్ళీ వస్తున్నాయని.

మీ మూడు లైన్లు ఇలా ఉంటే సరిపోతుంది: ‘ఐ గాట్ మై లాప్‌టాప్ రిపేర్డ్ యెస్టర్‌డే. ఐ హర్డ్ దట్ ద మీటింగ్ హ్యాజ్ బీన్ క్యాన్సిల్డ్. ఐ విల్ గెట్ టు ద ఆఫీస్ బై టెన్.’ ఇంకోసారి మేనేజర్ గారు ‘డిడ్ యు గెట్ ఇట్?’ అంటే, అర్థమైతే ‘యెస్, గాట్ ఇట్’ అనండి, కాకపోతే మొహమాటపడకుండా ‘ఐ డిడ్ నాట్ గెట్ ద లాస్ట్ పార్ట్’ అని ఆ చివరి ముక్క ఒక్కటే మళ్ళీ అడగండి.